నందిని పేర్చని బతుకమ్మ

ముందుగాల నన్ను మాఫీ చేయాలె. నాకు అక్షరాలు వచ్చి రెండేండ్లే అయింది. ఒత్తు ఎక్కడ పెట్టాలో, దీర్ఘం ఎక్కడ తీయాలో ఇప్పటికీ చెయ్యి తడుముకుంటది. ఒక పేజీ రాసేసరికి చేసుకున్న చాయ్ చల్లారిపోతది. మా బడి ఏడాది పుస్తకానికి తలా ఒక పేజీ రాసియ్యాలని మేడం చెప్పి నెల దాటింది. టీచర్లందరూ ఇచ్చేసిన్రు, నాదే మిగిలింది, అది కూడా ఒక పేజీల ఒదిగేటట్టు లేదు. తప్పులు దిద్దమని మనవరాలిని అడిగితే "నీది నువ్వే రాసుకో" అన్నది. రాయొచ్చా అని మాత్రం దాన్ని అడిగే రాస్తున్న. "నేను" అని రాయబోతే చెయ్యి ఆగుతున్నది. అందుకే ఎవరో ఒక ఆండాలు కథ లెక్క రాసిన. ఆ ఆండాలును నేనే.

దబీర్‌పురా స్టేషన్ వెనక సందులో రెండంతస్తుల ప్రైవేటు బడి ఒకటి ఉన్నది. ఒకటి నుంచి అయిదు దాకా తరగతులు, నూట ముప్పై మంది పిల్లలు. ఆండాలు ఆ బడిలో ఆయమ్మ. భర్త లక్ష్మయ్య పోయి పన్నెండేండ్లయింది. ఆయన పోయినంక బర్రెలను అమ్మేసి, కొడుకు గోవర్ధన్ పాల ప్యాకెట్ల బండి పట్టుకున్నడు, ఆండాలు బడి చీపురు పట్టుకున్నది. మనవరాలు నందిని అదే బడిలో మూడో తరగతి.

బడి పెట్టింది కైలాసం సారు. ఆయనకు కండ్లు మసకలయినంక బిడ్డ రచన మేడం చూసుకుంటున్నది. మేడం వచ్చినకాన్నుంచి నెలకొక్కటన్నా జరగకుండా ఉండదు. కింద వరండాలో పెద్ద బోర్డు పెట్టించి "ఈ ఏడు మనం చేసినవి, మనం గెలిచినవి" అని రంగు కాగితాలతో రాయించింది. ఒక్కొక్క కార్యక్రమం కాగానే ఫోటో వస్తది, ఆండాలు గోందు రాసి అంటిస్తది. బోనాలకు ఒకటో తరగతి పిల్ల ఒకతె నెత్తి మీది కుండ ముక్కు దాకా జారితే, ఏం కనబడకపోయినా గేటు దాకా నడిచి పోయింది. వినాయకచవితికి మట్టి గణపతులు చేసిన్రు. ముప్పై గణపతుల్లో తొమ్మిదింటికి తొండాలు నిలవలేదు. ఎక్కాల పోటీలో అయిదో తరగతి పిల్లలు పది బడుల్లో రెండో బహుమతి గెలిచి వచ్చిన్రు. సైన్స్ ఫెయిర్‌లో అగ్నిపర్వతం పొంగి మేడం చీర మీద పడ్డది. ఆ ఫోటో కూడా బోర్డు మీద ఉన్నది, మేడమే అంటియ్యమన్నది.

కిందటేడు బోర్డు మీది ఫోటోల కింద రాసిన అక్షరాలు చదవాలని ఆండాలుకు ఆశ పుట్టింది. ఆ మాట ఒకనాడు నోరు జారి నందినితో అన్నది. ఆ పొద్దే పిల్ల పలక తీసింది. పొద్దుమీకి కూరగాయలు తరుక్కుంట, ఒక చేత్తో కత్తిపీట జరిపి, ఇంకో చేత్తో బలపం పట్టుకుని ఆండాలు అ, ఆలు దిద్దింది. "అ" రాయడానికి వారం పట్టింది. "నా చెయ్యి పట్టి రాపియ్యరాదే" అని బతిమాలితే పిల్ల వెనక్కి జరిగి కూర్చునేది. "నేను పట్టుకుంటే అది నా అక్షరమైతది నాయనమ్మా. నువ్వే రాయి. ఎంతసేపైనా కానీ, నేను చూస్తుంట." అట్లనే చూస్తుండేది కూడా. ఒక్కనాడు విసుక్కోలే.

ఇంత ఓపిక ఉన్న పిల్లకు ఆండాలు చేసింది ఏందో ఇప్పుడు చెప్పాలె.

దసరా సెలవులకు ముందు బడిలో బతుకమ్మ పోటీ పెట్టిన్రు. మూడు నుంచి అయిదో తరగతి ఆడపిల్లలు ఇంటి దగ్గరనే బతుకమ్మ పేర్చి, శనివారం పొద్దున బడికి తేవాలె. కాగితం మీద మేడం గీత గీసి మరీ రాయించింది, పిల్లలే సొంతంగా పేర్వాలె, పెద్దలు చెయ్యి పెట్టొద్దు. ఆ కాగితాన్ని గోడకు అంటించింది ఆండాలే. అప్పటికి చదవడం వచ్చు, చదివే అంటించింది.

శుక్రవారం బడి ఒక్క పూటే. ఆండాలు మాదన్నపేట మండికి పోయి తంగేడు, గునుగు, బంతి తెచ్చింది. ఉస్మాన్‌గంజ్ నుంచి రంగు పొట్లాలు ముందే తెచ్చిపెట్టింది. ఇంట్లో కోడలు లేదు, మలక్‌పేటలో బట్టల షాపు నుంచి తొమ్మిదింటికి గాని రాదు. నందిని తాంబాళంలో గుమ్మడాకులు పరిచి, గునుగు పూలను కట్టలు కట్టడం మొదలుపెట్టింది. కట్టలు ఒకటి లావు, ఒకటి సన్నం. మొదటి వరుస పెట్టేసరికి ఒక పక్క కుంగింది. పిల్ల దాన్ని తీసి మళ్ళా పెట్టింది. మళ్ళా కుంగింది. మూడోసారి తీసింది.

ఆండాలు గడప దగ్గర కూర్చుని చూస్తున్నది. పన్నెండేండ్లుగా ఆమె బతుకమ్మను ముట్టలేదు. లక్ష్మయ్య పోయిన ఏడే ఆడబిడ్డ శారదమ్మ చెప్పేసింది. "నువ్వు జర దూరముండు ఆండాలూ, పుణ్యస్త్రీలను పేర్వనీ." అప్పట్నుంచి ఆండాలు ఆకులు తెచ్చిస్తది, తొడిమలు కత్తిరిస్తది, పూలకు రంగు అద్దిస్తది. పేర్చేటప్పుడు లేచి వంటింట్లోకి పోతది. పెండ్లికి ముందు, వాళ్ళ వాడలో, నడుమెత్తు బతుకమ్మ పేర్చిన చేతులవి.

"ఆగు బిడ్డా, ఈ ఒక్క వరుస సాపు చేస్త."

"వద్దు నాయనమ్మా. పెద్దోళ్ళు చెయ్యి పెట్టొద్దన్నరు."

"ఒక్క వరుసనే కదనే. ఎవరు చూస్తున్నరు?"

ఒక్క వరుస సాపు చేసింది. వేళ్ళు మరిచిపోలేదు. కాడలు లోపలికి, పూలు బయటికి, వరుసకు వరుసకు నడుమ తరిగిన ఆకు దట్టించి, అరచేత్తో చుట్టూ అదిమి. రెండో వరుస తంగేడు. మూడోది ఎర్ర రంగు గునుగు. నందిని కట్టలు అందించింది కొంచెంసేపు. తర్వాత అందియ్యడం కూడా అక్కర్లేకపోయింది, ఆండాలు తానే కట్టి తానే పెడుతున్నది. నోట్లో ఏదో పాట కూడా వచ్చింది. పిల్ల ఎప్పుడు లేచి పోయిందో ఆమెకు తెలియదు. పైన పసుపు గౌరమ్మను పెట్టి, నడుం పట్టుకుని లేచి చూస్తే, నందిని బయట మెట్ల మీద కూర్చుని ఉన్నది, చేతులు ఒళ్ళో పెట్టుకుని.

"చూడు బిడ్డా, నీ బతుకమ్మ ఎట్లున్నదో!"

పిల్ల చూసింది. "మస్తున్నది" అన్నది. నీ బతుకమ్మ అన్న మాటకు ఏం అనలేదు.

శనివారం బడి వరండాలో పద్దెనిమిది బతుకమ్మలు పెట్టిన్రు. చూడనీకె బయటి నుంచి ఇద్దరు పెద్ద మేడంలు వచ్చిన్రు. ప్రీతి బతుకమ్మ చివరికి ఉండె. ప్రీతి నందిని తరగతే. తండ్రి ప్రేమ్‌రాజ్ రైల్వేలో ట్రాక్‌మన్. చర్చికి పోయేవాళ్ళు, ఇంట్లో బతుకమ్మ పేర్వడం ఎవరికీ రాదు. ప్రేమ్‌రాజ్ డ్యూటీ చేసి వస్తూ పట్టాల పక్కన పూసిన తంగేడు కోసుకొచ్చి బిడ్డకిచ్చిండంట. పిల్ల నాలుగిండ్లు తిరిగి చూసొచ్చి తానే పేర్చింది. జానెడెత్తు. ఒక పక్కకు ఒరిగింది. పైన పసుపు గౌరమ్మకు బదులు ఒక బంతి పువ్వు.

పెద్ద మేడంలు నందిని పేర్చిందనుకున్న బతుకమ్మ దగ్గర ఆగి, ఫోన్లు తీసి ఫోటోలు కొట్టుకున్నరు. "ఇంత చిన్న చేతులు ఇంత బాగా పేర్చినయా!" అన్నరు. మొదటి బహుమతి నందినికే, రంగుల పెట్టె, ఒక కప్పు. ఆండాలు చీపురు పట్టుకుని స్తంభం పక్కన నిలబడి ఉన్నది. నిజం రాయాలె కాబట్టి రాస్తున్న, ఆ నిమిషం ఆమెకు సిగ్గు అనిపించలేదు. రొమ్ము పొంగింది. నా చేతులు, అనుకున్నది. సోమవారం ఫోటో వస్తే బోర్డు నడిమిట్ల అంటించింది.

సిగ్గు మెల్లగ వచ్చింది. ఇంట్ల కప్పును టీవీ పక్కన పెడితే నందిని దాన్ని తీసి బియ్యం డబ్బా వెనక పెట్టింది. రంగుల పెట్టె కనబడలేదు. అడిగితే "బడిల ఉన్నది" అన్నది. పొద్దుమీకి పలక తీసేది, చెప్పేది, కాని ముందటి లెక్క నవ్వేది కాదు. ఆండాలు "ఏందే, మూతి గట్ల పెట్టినవ్" అంటే "ఏం లేదు, నువ్వు రాయి" అనేది. ఆ పిల్ల వెనక్కి జరిగి కూర్చున్నప్పుడల్లా ఆండాలుకు ఆ శుక్రవారం గుర్తుకొచ్చేది. బలపం చేతిలో బరువయ్యేది.

జనవరిలో మేడం పైకి పిలిచి సంతోషంగా చెప్పింది, ఫిబ్రవరిలో మలక్‌పేట స్టేషన్ దిక్కు ఫంక్షన్ హాల్లో వార్షికోత్సవం. ఈ ఏడు గెలిచినవన్నీ స్టేజీ మీద చూపిస్తరు. ఎక్కాల పిల్లలు ఎక్కాలు చెప్తరు, పరుగు పందెం గెలిచిన పిల్ల మెడల్ వేసుకుని వస్తది, నందిని అందరి ముందు బతుకమ్మ పేరుస్తది.

పిల్ల స్టేజీ మీద కూర్చుంటే మొదటి వరుసకే అందరికీ తెలిసిపోతది. తప్పు చేసింది ముసలిది, పట్టుబడేది పిల్ల.

"మేడం, ఒక మాట."

"జల్దీ చెప్పండి ఆండాలమ్మా, కార్డుల ప్రింటింగ్ అతను లైన్‌ల ఉన్నడు."

"ఆ బతుకమ్మ నందిని పేర్వలే. నేను పేర్చిన."

మేడం ఫోన్ మీద చెయ్యి పెట్టి నవ్వింది. "గంతేనా! పద్దెనిమిదీ ఇంట్ల పెద్దోళ్ళే పేర్చిన్రు, నాకు తెల్వదా? ఆ అగ్నిపర్వతం ఎవరు చేసిన్రనుకున్నరు? వాళ్ళ బాపు లీవ్ పెట్టి చేసిండు."

"ప్రీతిది ప్రీతే పేర్చింది మేడం."

మేడం నవ్వు ఆగింది. "ఇప్పుడెందుకు లొల్లి? కార్డుల మీద పేరు పడిపోయింది. ఇంకా నెల ఉన్నది కదా, నేర్పియండి. ఫికర్ చేయకండి."

కాని నందిని నేర్చుకోనన్నది. బంతిపూలు తెచ్చి ముందు పోస్తే బ్యాగు తీసుకుని మేడ మీదికి పోయింది. ఇంక చేసేది లేక ఆదివారం పొద్దున ఆండాలు ప్రీతి ఇంటికి పోయింది. ప్రీతి తల్లి నీలమ్మ చీరలకు ఫాల్స్ కుడతది. మిషన్ ఆపకుండానే కూర్చోమన్నది. ఆండాలు నిలబడే చెప్పేసింది.

నీలమ్మ మిషన్ ఆపింది. "ఇది నాకెందుకు చెప్తున్నవ్ అక్కా? ఇప్పుడు చెప్తే నీ గుండె తేలికైతది. నా బిడ్డకేమైతది?"

"మాఫీ అడుగుదామని..."

"ఆ పొద్దు నా బిడ్డ వచ్చి ఏమన్నదో ఎరుకనా? అమ్మా, మనకు గౌరమ్మను పెట్టనీకె రాదు కదా, అందుకే ప్రైజ్ రాలేదన్నది. మూడు దినాలు అదే మాట. మనోళ్ళకు రాదు, మనోళ్ళకు రాదని." నీలమ్మ దారం కొరికి ఉమ్మింది. "మాఫీ అడిగేదుంటే దాన్నే అడుగు. నన్ను కాదు."

ప్రీతి తలుపు దగ్గరనే ఉన్నది. ఆండాలు వంగి ఏదో అనబోయేసరికి పిల్ల సిగ్గుపడి నవ్వింది. "నాకు తెలుసు ఆయమ్మా. సెలవులు అయినంక నందిని చెప్పింది. రంగుల పెట్టె కూడా నాకే ఇచ్చింది. ఎవరికీ చెప్పొద్దన్నది."

నీలమ్మ బిడ్డ దిక్కు చూసింది. ఆమెకు కూడా తెలియదు. "ఎందుకే చెప్పొద్దన్నది?"

"ఆయమ్మకు బడిల ఇజ్జత్ పోతది అని."

ఆండాలు ఆ గడప ఎట్ల దిగిందో, సందు మలుపు ఎట్ల తిరిగిందో ఆమెకు గుర్తులేదు. ఎనిమిదేండ్ల పిల్ల తన నాయనమ్మ ఇజ్జత్‌ను మూడు నెలలు మోసింది. అది కూడా ఒంటరిగ, పలక పట్టుకుని ఎదురుగ కూర్చుని. ఇంటికి వచ్చి నందినిని అడిగితే పిల్ల తప్పించుకోలేదు.

"నేనూ ప్రీతీ అనుకున్నం. స్టేజీ మీద నేనే చెప్త. చెప్పి, ప్రీతిని పిలుస్త. ఇద్దరం కలిసి పేరుస్తం, వచ్చినట్టు."

"అంతమంది ముంగట ఎట్ల చెప్తవ్ బిడ్డా?"

"కాగితం మీద రాసుకున్న. నువ్వేం మాట్లాడకు నాయనమ్మా. నేనే చెప్త."

"మాట్లాడ."

"ఒట్టు?"

"ఒట్టు బిడ్డా."

వార్షికోత్సవం నాడు హాలు నిండిపోయింది. ముందు వరుసలో శారదమ్మ కొత్త పట్టుచీర కట్టుకుని కూర్చున్నది. తమ్ముడి మనవరాలి బతుకమ్మ చూడవచ్చింది. ఆండాలు స్టేజీ పక్కన పూల బుట్ట పట్టుకుని నిలబడ్డది. స్వరూప టీచర్ నందిని పేరు పిలిచింది. పిల్ల పట్టులంగ వేసుకుని మైకు దగ్గరికి పోయి కాగితం విప్పింది.

ఏం మాట్లాడలే.

హాలు వెనక పట్టాల మీద రైలు పోతున్నది. జనం గుసగుసలు పెట్టిన్రు. పిల్ల కాగితం దిక్కే చూస్తున్నది, పెదవులు బిగపట్టి. ఎవరో వెనక నుంచి "భయపడ్డట్టున్నది పాపం" అన్నరు. ఇంకెవరో నవ్విన్రు. ఆ నవ్వు ఆండాలు తట్టుకోలేకపోయింది. బుట్ట కింద పెట్టి, గబగబ నడిచిపోయి మైకు పట్టుకున్నది.

"ఆ బతుకమ్మ నా మనవరాలు పేర్వలే. నేను పేర్చిన. అది వద్దన్నా వినలే. తప్పు నాది. మొదటి బహుమతి ప్రీతిది."

చప్పట్లు మొదలైనయ్. రచన మేడం కండ్లు తుడుచుకుంట వచ్చి ఇంకో మైకు అందుకున్నది. "చూసిన్రా, మా బడి ఆయమ్మ నిజాయితీ! ఈ ఏడు మేము సాధించిన వాటిల్ల ఇదే పెద్దది!" మళ్ళా చప్పట్లు. ఫోటోలు. ఆండాలు తిట్లకు సిద్ధపడి పోయింది గాని చప్పట్లకు కాదు. ఆ చప్పట్ల కింద తల ఎత్తలేకపోయింది.

నందిని ఆమె దిక్కు చూసింది. ఏడుస్తలేదు, కోపం కూడా లేదు. అలసిపోయిన మొఖం.

"ఎందుకు చెప్పినవ్ నాయనమ్మా?"

"నువ్వు భయపడ్డవనుకున్న బిడ్డా. గొంతు రాలేదనుకున్న."

"రైలు పోతుండె కదా. పోయేదాక ఆగిన. బడిల గట్లనే ఆగుతం కదా."

నిజమే. స్టేషన్ వెనక బడి అది. రైలు వస్తే పిల్లలు చదివేది ఆపుతరు, పోయినంక ఆపిన దగ్గర్నుంచే ఎత్తుకుంటరు. ఇన్నేండ్లుగా ఆండాలు రోజూ చూస్తున్నదే. ఆ రోజు చూడలేదు. పూల మీద ఆగని చేతులు మాట మీద కూడా ఆగలేదు. చెప్పేది కూడా పిల్లనే కదా, అది కూడా గుంజుకున్నది.

నందిని కాగితం ఉండ చుట్టి పక్కన పడేసి, ప్రీతిని చెయ్యి పట్టి పైకి తెచ్చుకున్నది. ఇద్దరూ తాంబాళం ముందు కూర్చున్నరు. కట్టలు లావుగ, సన్నంగ. వరుస కుంగితే తీసి మళ్ళా పెట్టిన్రు. జనం చూసి చూసి చాయ్‌లకు లేచిన్రు. ఆండాలు స్టేజీ పక్కన చేతులు కొంగులో చుట్టుకుని నిలబడ్డది. శారదమ్మ వచ్చి చెవి దగ్గర కసిరింది.

"గౌరమ్మను ముట్టినవా ఆండాలూ? నీకు సిగ్గు లేదా?"

"ముట్టిన వదినె. దానికి సిగ్గులేదు నాకు. నా సిగ్గు వేరే ఉన్నది" అన్నది ఆండాలు. శారదమ్మకు అర్థం కాలేదు. అర్థం చేయించే ఓపిక కూడా ఆండాలుకు లేదు.

అందరూ పోయినంక స్టేజీ ఊడ్చింది. ఆమె పని అదే కదా. పూరేకుల నడుమ కాగితం ఉండ దొరికింది. అక్కడనే మెట్టు మీద కూర్చుని, సాపు చేసి, కూడబలుక్కుని చదివింది. చానాసేపు పట్టింది. నాలుగే మాటలు.

"మా నాయనమ్మకు బతుకమ్మ పేర్వడం అంటే మస్తు ఇష్టం. చాలా ఏండ్ల నుంచి ఎవరూ పేర్వనియ్యలేదు. అందుకే నేను లేచి పోయిన. ఫస్ట్ ప్రైజ్ ప్రీతిది, మా నాయనమ్మను ఎవరూ ఏమీ అనొద్దు."

రెండు రోజులకు బోర్డు మీద అంటియ్యమని మేడం ఫోటో పంపింది. మైకు పట్టుకున్న ఆండాలు, కింద "నిజాయితీ" అని రంగు అక్షరాలు. ఆండాలు బతుకమ్మ ఫోటోను బోర్డు నుంచి పీకింది, ఈ ఫోటోను మాత్రం అంటియ్యలే. గోందు అయిపోయిందని చెప్పింది. అది అబద్ధం, గోందు ఉన్నది.

నందిని మాట్లాడుతనే ఉన్నది, పలక కూడా తీస్తున్నది. కాని ఇప్పుడు బడిలో ఏదన్నా జరిగితే ఇంటికొచ్చి వెంటనే చెప్పదు. కొంచెం ఆగి, నాయనమ్మ మొఖం దిక్కు చూసి, అప్పుడు చెప్తది. కొన్ని చెప్పదు. ఆండాలు అడగదు.

ఆండాలు, అరవై మూడేండ్లు, ఇప్పుడు ఉండేది దబీర్‌పురాలో, కొడుకు గోవర్ధన్ ఇంట్ల.